ఖరీదుకు ఎన్ని ఇంగ్లీషు మాటలో!

మా అక్క కూతురు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి చదువుతోంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టుకెళ్తే అక్కడే నాకు పాఠం మొదలుపెట్టింది. "పిన్నీ, ప్రతిదానికీ ఎక్స్‌పెన్సివ్ అంటే మార్కులు రావు!"

ఎక్స్‌పెన్సివ్ అంటే ధర ఎక్కువని, అంతే. సరుకు ఆ ధరకు తగినదే కావచ్చు. ఓవర్‌ప్రైస్డ్ అంటే మాత్రం అంత విలువ లేదని. చేత్తో నేసిన అసలు మంగళగిరి చీర మొదటి రకం, అదే పేరు చెప్పి అంటగట్టే మరమగ్గం చీర రెండోది. ప్రైసీ కాస్త మెత్తని మాట, స్నేహితుల దగ్గర చెల్లుతుంది. ధర మరీ హద్దు దాటితే ఎగ్జార్బిటెంట్. లాటిన్‌లో దీని మూలం బండి గాడి తప్పడమట! ఇది నాకు తెగ నచ్చింది. ఒళ్లు మండితే రిపాఫ్, మన నిలువు దోపిడీ అన్నమాట.

ఇంకోటి, ఇంగ్లీషులో ఎక్స్‌పెన్సివ్ అయ్యేది వస్తువే, ధర కాదు. ధరైతే హై అనాలి, లేదా స్టీప్. మనవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే.

మా అక్కకి ఈ గొడవేం పట్టలేదు. చీర అంచు తిరగేసి, వెనక దారాలు వేలితో తడిమి, "ఏంటి బాబూ, ధర కొండెక్కించావ్?" అని లేవబోయింది. "కూర్చోండమ్మా, మీరే చెప్పండి" అన్నాడు కొట్టతను. బేరం ఇంకా తెగలేదు, అక్క కూతురు మాత్రం స్టీప్‌కి ఇంకో ఉదాహరణ దొరికిందని ఫోన్‌లో రాసుకుంటోంది.