రెండు చిన్న బ్యాగులతో తిరుమల: సర్దుడు ఎలా కుదిరిందంటే (నా అనుభవం)

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్‌లో నారాయణాద్రి ఎక్కి పొద్దున్నకల్లా తిరుపతి, అక్కణ్ణించి అలిపిరి మెట్ల మీద నడిచి పైకి, రాత్రికి కొండ మీదే రూము, ఆదివారం పొద్దున్న మూడొందల టికెట్ దర్శనం, సాయంత్రం మళ్ళీ రైలు. ఇదీ మా ప్లాను. మనుషులం ముగ్గురం, నేను, మా ఆయన, అమ్మ. అమ్మకి అరవై దాటాయి, నడిచి వస్తానని మొక్కుకుంది కాబట్టి బస్సు మాటే లేదు.

నడిచేవాళ్ళ లగేజీని అలిపిరిలో దేవస్థానం వాళ్ళే తీసుకుని ఉచితంగా పైకి పంపిస్తారు, చాలా మంచి ఏర్పాటు అది, పెద్ద సామాను ఉన్నవాళ్ళు తప్పకుండా వాడుకోవాలి. కానీ ఇచ్చేటప్పుడు ఒక లైను, పైన తీసుకునేటప్పుడు ఇంకో లైను, 3,550 మెట్లు ఎక్కొచ్చిన అమ్మని మళ్ళీ ఇంకో లైన్లో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందే అనుకున్నాం, భుజాన వేసుకుని మెట్లెక్కగలిగినంతే తీసుకెళ్ళాలి, అమ్మ చేతిలో మాత్రం ఏమీ ఉండకూడదు. అంటే ముగ్గురి సామానూ రెండు స్కూలు బ్యాగుల్లో పట్టాలన్నమాట.

బట్టల సంగతి ముందు తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. తిరుమలలో దర్శనానికి సంప్రదాయ దుస్తులు తప్పనిసరి, మగవాళ్ళకి పంచె-ఉత్తరీయం లేదా కుర్తా-పైజామా, ఆడవాళ్ళకి చీర, లంగావోణీ లేదా చున్నీతో చుడీదార్. కాబట్టి దర్శనం జత ఒకటి బ్యాగులో, రైలుకీ మెట్లకీ కలిపి ఒక జత ఒంటి మీద, ఇంకొకటి తిరుగు ప్రయాణానికి, అంతకుమించి ఎందుకు? మా ఆయన జీన్స్ తీసి పెట్టారు, "ఏవండీ అది చెమటకి తడిస్తే బరువు, ఉతికితే రెండ్రోజులైనా ఆరదు" అంటే ఆయనే పక్కన పెట్టేసి కాటన్ పైజామా తీసుకున్నారు, రాత్రి పడుకోడానికీ అదే. బూట్లు కూడా వద్దన్నా, ఎలాగూ మెట్లు చెప్పుల్లేకుండానే ఎక్కుతాం, విప్పిన బూట్లు బ్యాగులో పెడితే అవే కిలో ఉంటాయి. పల్చటి చెప్పులు మూడు జతలూ ఒక గుడ్డసంచిలో పెట్టేశాం. ఆయన తలనీలాలు ఇస్తానన్నారు కాబట్టి ఆయన దువ్వెన కూడా తగ్గింది.

ఇక అమ్మ. అసలు సర్దుడంతా అమ్మతోనే. "స్వామి దగ్గరికి పట్టుచీర లేకుండా ఎలా వస్తానే" అంది. కాదనలేం కదా, ఆవిడకి ఎప్పట్నుంచో ఉన్న కోరిక. కానీ ఆవిడ తీసింది పెద్దంచు కంచిపట్టు, మడతపెడితే అదే ఒక బ్యాగంత ఉంది, పైగా క్యూలో గంటలు గంటలు కూర్చుంటే ఆవిడకే ఉక్కపోత. చివరికి బీరువాలో వెంకటగిరి జరీ చీర కనపడింది, సన్న నేత, చేతిలో పట్టుకుంటే బరువే తెలీదు, జరీ అంచు ఉంది కాబట్టి అమ్మకీ తృప్తి. ఆ చీర ఒప్పుకున్నాక మిగతావన్నీ తేలిగ్గానే ఒప్పుకుంది. దుప్పట్లు వద్దన్నా, థర్డ్ ఏసీలో దుప్పటీ దిండూ వాళ్ళే ఇస్తారు. "ఎవరు కప్పుకున్నవో ఏంటో" అని ఒక పాత నూలు చీర తెచ్చి పెట్టింది, నేను తీసెయ్యలేదు, నిజం చెప్పాలంటే మొత్తం బ్యాగులో అంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. రైల్లో దుప్పటి అదే, మెట్ల మధ్యలో ఆగినప్పుడు కింద పరుచుకుంది అదే, స్టేషన్లో బట్టలు మార్చుకునేటప్పుడు అడ్డం పట్టుకుంది అదే. మీ ఇంట్లో అలాంటి మెత్తబడ్డ చీర ఉంటే ఇంకో రెండు వస్తువులు తీసేసైనా అది పెట్టుకోండి.

తిండి విషయంలో అమ్మ మూడు డబ్బాల దాకా లెక్కేసింది. రైల్లో రాత్రికి పులిహోర మాత్రం అరిటాకులో కట్టుకున్నాం, తినేసి ఆకు పారేస్తే ఖాళీ గిన్నె మోసే పని ఉండదు. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం ఉంటుంది, ఇంక డబ్బాలెందుకు? నీళ్ళకి స్టీలు సీసా ఒక్కటే, ప్లాస్టిక్ సీసాలు కొండ మీదికి రానివ్వరు, దారిలో కుళాయిలు ఉంటాయి, నింపుకుంటూ వెళ్ళొచ్చు. రెండు సీసాలు నింపి మోస్తే రెండు కిలోలు, అది మర్చిపోవద్దు.

తగ్గించకూడనివి కూడా ఉంటాయి. అమ్మ బీపీ, షుగర్ మాత్రలు రెండ్రోజులకి కాకుండా నాలుగు రోజులకి సరిపడా పెట్టా, రైలు లేటయినా దర్శనం లేటయినా ఇబ్బంది ఉండకూడదు. స్ట్రిప్ కత్తిరిస్తే పేరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు పోతుంది కాబట్టి కత్తిరించకుండా పెట్టి, డాక్టర్ చీటీ ఫోటో నా ఫోన్లోనూ ఆయన ఫోన్లోనూ ఉంచా. ఒరిజినల్ ఆధార్ కార్డులు, దర్శనం టికెట్ ప్రింటు ఒక కవర్లో. ఫోన్లు దర్శనం క్యూలోకి రానివ్వరు, డిపాజిట్ చెయ్యాలి, అందుకని మూడోది ఇంట్లోనే వదిలేశాం, రెండింటికీ ఒకటే చార్జరు. టవల్స్ బదులు పల్చటి తుండుగుడ్డలు, సబ్బు సగం ముక్క. అన్నీ పెట్టాక తూకం వేస్తే ఒక్కో బ్యాగు నాలుగు కిలోల లోపే వచ్చింది.

మెట్ల మీద ఆ నాలుగు కిలోలు ఎక్కడ తెలిశాయంటే, గాలిగోపురం దాకా ఉండే ఎక్కుడులో కొంచెం, మోకాళ్ళ పర్వతం దగ్గర బాగా. అక్కడ మెట్లు నిలువుగా ఉంటాయి, కొందరు మోకాళ్ళ మీదే ఎక్కుతున్నారు, అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి ఆయన చేతిలో వేసి ఎక్కింది. మా చేతులు ఖాళీగా ఉండబట్టే కదా అలా పట్టుకోగలిగాం. ట్రాలీ సూట్‌కేసు తలమీద పెట్టుకుని ఎక్కుతున్న ఒకాయన్ని చూస్తే చాలా బాధేసింది, పక్కన చిన్నపిల్ల ఎత్తుకోమని ఏడుస్తోంది, ఆయన ఎలా ఎత్తుకుంటాడు.

తిరిగొచ్చేటప్పుడు లడ్డూలకి చోటు కావాలి, అది వెళ్ళేటప్పుడే ఆలోచించుకోవాలి. మడతపెట్టిన గుడ్డసంచి ఒకటి అడుగున పెట్టా, మనిషికొకటి ఉచితంగా ఇచ్చే లడ్డూ కాకుండా ఇంకొన్ని కొన్నాం, చుట్టుపక్కలవాళ్ళకీ ఆఫీసులోవాళ్ళకీ పంచాలిగా. విడిచిన బట్టలు వేరే కవర్లో, లడ్డూల సంచి విడిగా, రైల్లో నెయ్యి వాసన బోగీ అంతా వచ్చింది.

మా చెల్లెలు కార్తీకంలో వెళ్తోంది, దానికి ఇదే లిస్టు పంపించా, ఒక్కటి మాత్రం కలిపి: ఆ నెలలో కొండ మీద రాత్రిళ్ళు చలి, వాన కూడా పడొచ్చు, కాబట్టి అత్తగారికి ఒక స్వెటరు, మనిషికో పల్చటి రెయిన్‌కోటు పెట్టుకోమన్నా, గొడుగైతే మెట్ల మీద ఒక చెయ్యి దానికే పోతుంది.