పులికాట్ రోడ్డు మీద ఎడమ పక్క సీటు

సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల ఫోటోల కోసం ఆటో మాట్లాడుకునేవాళ్లు రేటు కన్నా ముందు ఒక సంగతి చూసుకోవాలి. ఆటోకి ఎడమ పక్క తెరిచి ఉంటుంది, కుడి పక్క అడ్డంగా కడ్డీ ఉంటుంది. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును కోసుకుంటూ దాదాపు తిన్నగా తూర్పుకి పోతుంది. అంటే పోయేటప్పుడు మన ఎడమ పక్క ఉండేది ఉత్తరం వైపు నీళ్లు. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, దక్షిణం మీదుగా నడిచి, నైరుతిలో దిగుతాడు. కాబట్టి పొద్దునైనా సాయంత్రమైనా ఉత్తరం వైపు చూస్తూ కూర్చుంటే ఎండ వీపు వెనక ఉంటుంది. తిరుగు దారిలో దక్షిణం నీళ్లు, ఎదురెండ, మెరుపుల మధ్య నల్లటి ఆకారాలు. అందుకే బేరం 'పోను, రాను' అని చేసుకోకూడదు. 'మెల్లగా పోవాలి, గబగబా వెనక్కి రావాలి, మళ్లీ మెల్లగా పోవాలి' అని చేసుకోవాలి.

ఆ బేరానికి ఆటో పెద్దాయన 1,500 అన్నాడు, వెయిటింగ్ గంటకి 150 వేరే. నాకు ఒళ్లు మండింది. అంతకు ముందే లాడ్జి వాడు పండగ రోజులని చెప్పి మామూలు గదికి రెట్టింపు తీసుకున్నాడు. ఫ్లెమింగో ఫెస్టివల్ దగ్గర పడిందంటే ఊళ్లో ప్రతిదీ ఇంతే, ఒక్క ఇడ్లీ తప్ప. చివరికి అన్నీ కలిపి 1,200కి కుదిరింది. తెల్లవారకముందే బయల్దేరాం.

ఊరు దాటి నీళ్లు మొదలయ్యాక ఆయన స్పీడు తగ్గించి, 'దిగబాకండి సార్, కూర్చోనే తీసుకోండి' అన్నాడు. ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. రోజంతా బండ్లు తిరిగే రోడ్డు కాబట్టి ఇక్కడి పిట్టలకు బండి అలవాటే. అదే బండిలోంచి మనిషి కాలు కింద పెట్టాడా, గుంపు మొత్తం మెడలెత్తి లోపలికి నడక మొదలెడుతుంది. ఉన్నట్టుండి బ్రేకు వేసినా అంతే. పెద్దాయన ఒక ఫర్లాంగు ముందే ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో దొర్లించుకుంటూ వెళ్లి ఆపేవాడు. ఇంజిన్ ఆగితే రెండో లాభం కూడా ఉంది. ఆటో అదురు లెన్సులోకి రాదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఆయన ఆపే చోటు. పొద్దున గుంపు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ఆపేశాడు. ఇంకా ముందుకి పోదాం బాబాయ్ అంటే తల అడ్డంగా ఊపాడు. 'ఈడ ఉంటే ఎగిరేది మన ముందర నుంచే సార్. మాపటేళ అయితే దాటిపోయి నిలబెడతా' అన్నాడు. ఆలోచిస్తే లెక్క సరిపోయింది. బరువైన పిట్ట గాలికి ఎదురుగానే లేస్తుంది, రెక్కలకి పైకెత్తే బలం అలాగే దొరుకుతుంది. ఆ పొద్దున నేల మీద నుంచి, అంటే పడమటి నుంచి, సన్నగా గాలి వీస్తోంది. కాబట్టి గుంపు పడమటికి పరిగెత్తి లేస్తుంది, అంటే మన వైపుకి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి తిరుగుతుంది. అప్పుడు గుంపును దాటి ఆగితేనే మొహాలు దొరుకుతాయి, లేకపోతే తోకలే. మెడలో లక్షల గేరు వేలాడదీసుకుని తిరిగేవాళ్లలో చాలామందికి తట్టని సంగతి ఇది. ఆ 1,200 గురించి తర్వాత నేను మాట్లాడలేదు.

ఫ్లెమింగో చెప్పాపెట్టకుండా ఎగరదు, చూసేవాళ్లకి ముందే తెలుస్తుంది. నీళ్లలో ముంచిన తలలు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. బాతుల గోల లాంటి అరుపు మొదలవుతుంది. అందరూ ఒకే దిక్కుకి తిరిగి నడక పెంచుతారు. తర్వాత మెడ ముందుకి చాచి, నీళ్ల మీద నాలుగడుగులు పరుగు, ఆపైన గాల్లోకి. నడక మొదలైనప్పుడే లెన్సు ఎత్తి ఫోకస్ పట్టేయాలి. గాల్లోకి లేచాక వెతుక్కుంటే వ్యూఫైండర్‌లో ఖాళీ ఆకాశమే కనబడుతుంది.

నా దగ్గరున్నది నికాన్ డి500 కెమెరా, 200-500 ఎంఎం జూమ్ లెన్సు. లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 500 దగ్గర చూపు చాలా ఇరుకు, పిట్ట దొరకదు. అందుకే 300 దగ్గర పెట్టి పిట్టను పట్టుకుని, ఫోకస్ కుదిరాక 500కి తిప్పడం మేలు. లెన్సు మీద ఫోకస్ లిమిటర్ స్విచ్చిని 6 మీటర్ల నుంచి అనంతం వైపు పెడితే, మోటారు దగ్గరి దూరాలన్నీ తడుముకుంటూ కూర్చోదు. ఫోకస్ ఏఎఫ్-సి, అంటే కదిలేదాన్ని వదలకుండా వెంటాడే పద్ధతి. ఫోకస్ పాయింట్లు గుంపుకి డి25, ఒంటరి పిట్టకి గ్రూప్ ఏరియా. మెనూలో 'బ్లాక్డ్ షాట్ ఏఎఫ్ రెస్పాన్స్' 4లో ఉంచాలి. ముందు నుంచి ఇంకో రెక్క అడ్డం వచ్చినా ఫోకస్ దాని మీదకి దూకదు. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇవ్వడం ఎగిరే పిట్టలకు తప్పనిసరి అంటాను. వైబ్రేషన్ రిడక్షన్‌ని (చేతి అదురుని తగ్గించే ఏర్పాటు) 'స్పోర్ట్'లో పెడితే లెన్సు తిప్పుతున్నప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ జారదు.

షట్టర్ సెకనులో 1/2500 వంతు. ఒంటికి 1/2000 చాలు గానీ రెక్క కొనకు చాలదు. ఇంతకన్నా గబగబా తిరిగే టెర్న్ అనే నీటి పిట్టలకు 1/3200 దాటాలి. ఎపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/7.1. పూర్తిగా తెరిస్తే వచ్చే చిక్కు లెక్క వేస్తే తెలుస్తుంది. 30 మీటర్ల దూరంలో, 500 దగ్గర, ఈ సైజు సెన్సర్‌తో ఎఫ్/5.6లో స్పష్టంగా వచ్చే లోతు మీటరుకి లోపే. ఫ్లెమింగో రెక్కలు చాచితే మీటరున్నర దాకా ఉంటుంది. రెండు రెక్కల కొనలూ రావాలన్న ఆశ వదులుకుని ఫోకస్ కంటి మీద నిలపాలి.

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే, అంటే వెలుతురు లెక్క మనమే చేత్తో పెట్టుకోవాలి. పిట్ట నీళ్ల మీద నుంచి ఆకాశంలోకి పోయేసరికి వెనకున్న వెలుతురు మారుతుంది, కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది. పిట్ట మీద పడే ఎండ మాత్రం మారదు. ఎనిమిది గంటల ఎండకి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, ఎండ ఎక్కాక 500. ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫు) చూడాలి, అదీ ఎరుపు గీత విడిగా కనిపించేది. రెక్క ముడిస్తే ఫ్లెమింగో దాదాపు తెల్లగానే ఉంటుంది. విప్పగానే లోపలి ఎరుపు, దాని అంచున నల్లటి ఈకలు బయటపడతాయి. ఆ ఎరుపు ఒక్కసారి గ్రాఫు కుడి గోడకి గుద్దుకుందంటే ఈకల గీతలు మళ్లీ రావు. మొత్తం హిస్టోగ్రామ్‌లో ఈ నష్టం కనబడదు.

బటన్ అదేపనిగా నొక్కి పట్టుకోవడం దండగ. నాలుగైదు ఫ్రేముల చొప్పున వదలాలి. రెక్కలు పూర్తిగా పైకి లేచినప్పుడో, పూర్తిగా కిందికి దిగినప్పుడో బొమ్మ నిలుస్తుంది. మధ్యలో రెక్క గీతలా సన్నబడి పిట్ట ఒట్టి కర్రలా కనిపిస్తుంది. ఇంటి దగ్గర సాధన చేయాలంటే అపార్ట్‌మెంట్ పావురాలే మంచివి. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు మీద గద్దలు తేలిక, పావురం కష్టం. పావురాన్ని పట్టుకోగలిగిన చేతికి ఫ్లెమింగో తీరిక ఇచ్చే పిట్ట.

తొమ్మిదిన్నర దాటాక రోడ్డు, బురద వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. దూరంగా ఉన్న పిట్టల అంచులు కరిగినట్టు వస్తాయి. చాలామంది అప్పుడు లెన్సును తిట్టుకుంటారు, సర్వీసు సెంటర్‌కి కూడా తీసుకెళ్తారు. వేడి గాలి, చల్ల గాలి కలిసిన చోట వెలుతురు వంకరలు పోతుంది, దానికి ఏ లెన్సూ మందు కాదు. దగ్గరకి వచ్చిన పిట్టలనే తీయాలి, లేదా టిఫిన్‌కి పోవాలి.

సరిగ్గా ఆ వేళకే రెండు కార్లు వచ్చి ఆగాయి. దిగినవాళ్లు గుంపు ఎగరడం లేదని హారన్ కొట్టారు, ఒకడు రాయి కూడా విసిరాడు. పెద్దాయన ఆటో దిగి వెళ్లి అరిచాడు, నేనూ అరిచాను. ఇంత దూరం వచ్చి ఈ లోతు తక్కువ నీళ్లలో అవి మేత మేస్తున్నాయి. నీళ్లు లోతైతే వాటికి మేయడం కష్టం, ఎండాకాలానికి ఈ ఉత్తరపు భాగం ఎండి బురదవుతుంది. మధ్యలో ఉన్న నాలుగు నెలల మేతని ఒకడి ఫోన్ వీడియో కోసం చెడగొట్టడం నేను చూస్తూ ఊరుకోలేను. పైగా బెదిరిన పిట్ట మనకి దూరంగా పారిపోతుంది కాబట్టి వాళ్లకి దక్కేదీ తోకలే. ఇంకో మాట. చెక్‌పోస్టు దగ్గర పడగానే లెన్సు సంచిలో పెట్టేయాలి. షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) వైపు కెమెరా తిప్పితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

దగ్గర్లోనే ఉన్న నేలపట్టు పక్షుల అభయారణ్యం సంగతి క్లుప్తంగా చెప్తాను. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో మొలిచిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువని ఊరివాళ్లే వాటిని కాచుకుంటున్నారు. గూడబాతు నిదానమైన పిట్ట, 1/1600 చాలు. వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. కాబట్టి ఒక చోట నిలబడి, బొమ్మ పూర్తయ్యే దిక్కుకి పాదాలు పెట్టి, నడుము మాత్రం వెనక్కి తిప్పి అందుకుంటే చాలు, కదలిక తడబడదు. అది గాలికి ఎదురుగా దిగుతూ కాళ్లు ముందుకి చాపినప్పుడు రెండు సెకన్లు దాదాపు నిలబడిపోతుంది. మబ్బు ఆకాశం మీద తీస్తే పొట్ట నల్లబడుతుంది, ఒక స్టాప్ పైకి, అంటే వెలుతురు రెట్టింపుకి పెంచాలి. ఎర్రకాళ్ల కొంగలకూ ఇదే లెక్క.

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు చేసిన పని ఒకటి చెప్పాలి. పులికాట్ గాలిలో ఉప్పుంటుంది, పొడి గుడ్డతో తుడిస్తే ఆ పలుకులు గాజుని గీరతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. తర్వాత నీళ్లలో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో లెన్సు గొట్టం, హుడ్డు లోపల, కాలరు మరలు, లెన్సు కెమెరాకి బిగుసుకునే మౌంటు చుట్టూ తుడవాలి. రోడ్డు మీద లెన్సు మార్చనే కూడదు. ఏసీ గదిలో పెట్టిన కెమెరాని పొద్దున ఒక్కసారిగా తీస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. అందుకే రాత్రి సంచి జిప్ మూసే ఉంచాలి, బయటికొచ్చాక కూడా అరగంట తెరవకూడదు.