చెవిపోటు, రెండు సీసాల మందు

వర్షాకాలంలో మా మూడేళ్ల మనవడు తెనాలిలో మా ఇంట్లో ఉన్నప్పుడు వాడికి జలుబు చేసింది. ముక్కు కారడం, కొద్దిపాటి దగ్గు, ఒళ్లు వెచ్చబడటం తప్ప మరే ఇబ్బందీ లేనందున పిల్లల డాక్టరుగారు పారాసిటమాల్ సిరప్ మాత్రమే రాసి, ఇది వైరస్ వల్ల వచ్చిన జలుబనీ, దీనికి యాంటీబయాటిక్ ఇచ్చినా ఉపయోగం ఉండదనీ చెప్పి పంపించారు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి ఈ మాట అంతగా రుచించలేదు గాని, అవసరం లేని మందు రాయని డాక్టరు దొరికినందుకు నేను సంతోషించాను.

జలుబు తగ్గుముఖం పట్టిందనుకుంటుండగా ఒక రాత్రి వాడు గుక్కపట్టి ఏడవసాగాడు. భుజాన వేసుకుని తిప్పితే కాస్త ఊరుకునేవాడు, పడుకోబెడితే మళ్లీ కుడి చెవి పట్టుకుని కేకలు పెట్టేవాడు. జ్వరం 103 డిగ్రీలు దాటింది. ఏడుపు విని వచ్చిన పక్కింటి వదినగారు వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనె రెండు చుక్కలు చెవిలో వేయమన్నారు. ఆవిడ ఆప్యాయతను కాదనలేను గాని, లోపల కర్ణభేరి చిల్లుపడి ఉంటే అందులో ఏది పోసినా ప్రమాదమే కాబట్టి, నూనె జోలికి పోకుండా పారాసిటమాల్ వేసి తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకువెళ్లాము.

డాక్టరుగారు చెవిలోకి లైటు వేసి చూశారు. మామూలుగా ముత్యపు రంగులో మెరుస్తూ ఉండవలసిన కర్ణభేరి ఎర్రబడి, వెనుక చేరిన చీము ఒత్తిడికి బయటికి ఉబ్బి ఉందట. ముక్కు వెనుక భాగం నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుతో అది వాచి మూసుకుపోతే లోపల నీరు నిలుస్తుంది, అక్కడ బాక్టీరియా పెరుగుతుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు ఒక చెవిలోనే, నొప్పి స్వల్పంగా ఉంటే రెండు మూడు రోజులు వేచి చూడవచ్చుననీ, ఇంత జ్వరం, ఇంత నొప్పి ఉన్నప్పుడు ఆగడం మంచిది కాదనీ చెప్పి, ఈసారి ఆయనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు.

అది అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆసిడ్ కలిసిన డ్రై సిరప్, అంటే పొడిగా వచ్చే మందు, నీళ్లు కలిపి వాడుకోవాలి. చెవికి పట్టే కొన్ని బాక్టీరియాలు అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి. ఆ ఎంజైమును అడ్డుకోవడమే రెండో మందు పని. సీసా మీద కనిపించే 457 అంకెకు అర్థం 5 మి.లీ.లో 400 మి.గ్రా. అమాక్సిసిలిన్, 57 మి.గ్రా. క్లావులానిక్ ఆసిడ్ ఉన్నాయని. ఇదే మందు 228.5 అంకెతో సగం బలంలోనూ దొరుకుతుంది గనుక, షాపులో ఇచ్చిన సీసాను చీటీతో సరిపోల్చుకోకపోతే మోతాదు సగమైనా కావచ్చు, రెట్టింపైనా కావచ్చు. డాక్టరుగారు వాడిని తూకం వేయించి, 14 కిలోలకు లెక్కగట్టి, పూటకు 4 మి.లీ. చొప్పున పన్నెండు గంటలకొకసారి, ఏడు రోజులు వేయమన్నారు. పిల్లల మందుకు వయసు కన్నా బరువు ముఖ్యమని అప్పుడే తెలిసింది.

ఏడు రోజులకు 56 మి.లీ. కావాలి కాబట్టి 30 మి.లీ. సీసాలు రెండు ఇచ్చారు. రెండు సీసాల్లోనూ ఒకేసారి నీళ్లు కలపకూడదు. పొడిగా ఉన్నంతకాలం మందు నిలవ ఉంటుంది గాని, నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా ఏడు రోజులకు మించి పనికిరాదు. కొన్ని కంపెనీలు కలపడానికి నీళ్ల సీసా కూడా పెట్టెలోనే పెడతాయి. మా పెట్టెలో అది లేదు. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు సిద్ధం చేసుకుని, అడుగున గడ్డకట్టిన పొడి విడిపోయేలా సీసాను అరచేతిలో తట్టి, సగం వరకు నీళ్లు పోసి బాగా కుదిపాను. నురగ పైకి వచ్చేసరికి సీసా మీది గీత దాకా నిండినట్టే కనిపించింది. అది అణిగేదాకా ఆగి చూస్తే మందు గీతకు చాలా కిందనే ఉంది. మళ్లీ నీళ్లు పోసి సరిగ్గా గీతకు తెచ్చాను. నురగను చూసి ఆపేస్తే మందు చిక్కబడి, ప్రతి మోతాదూ ఎక్కువవుతుంది. ఇంత జాగ్రత్త కోరే పనికి సూచనలన్నీ ఇంగ్లీషులో, భూతద్దం పెట్టి చదవవలసినంత చిన్న అక్షరాల్లో అచ్చువేస్తారు. తెలుగులో నాలుగు ముక్కలు వేస్తే కంపెనీల సొమ్మేం పోతుందో నాకు అర్థం కాదు.

ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత గనుక వాటిని వాడలేదు. సూది లేని సిరంజితో కొలిచి, నాలుక మీద కాకుండా బుగ్గ పక్కన కొద్దికొద్దిగా వదిలేదాన్ని. గ్లాసెడు పాలల్లో కలిపితే, వాడు సగం వదిలేసినప్పుడు ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలియదు. మొదటి పూట వెంటనే కక్కేశాడు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మింగిన మరుక్షణమే వచ్చేసింది గనుక అదే మోతాదు మళ్లీ వేయమన్నారు, ఇకపై అన్నం మొదలుపెట్టేటప్పుడు ఇమ్మన్నారు. అప్పటి నుంచి పెరుగన్నం మొదటి ముద్దతో పాటే మందు వేసేదాన్ని. మళ్లీ కక్కలేదు.

రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది, మర్నాటికి చెవి మీద చెయ్యి వేయడం మానేశాడు. అయితే విరేచనాలు పలచబడ్డాయి. "పిల్లాడు ఆడుకుంటున్నాడుగా, ఇంకా ఆ మందెందుకమ్మా, ఆపెయ్" అంది అమ్మాయి. డాక్టరుగారిని అడిగితే, ఈ మందుతో ఇది మామూలేననీ, రక్తం పడటం, మూత్రం తగ్గడం, నీరసించి పడిపోవడం లేనంతవరకు ఓఆర్ఎస్ తాగిస్తూ మందు కొనసాగించమనీ చెప్పారు. ఒంటి మీద దద్దుర్లు లేచినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. అటువంటివేవీ రాలేదు. అమ్మాయికి ఆ మాటలు యథాతథంగా అప్పజెప్పాను.

ఈలోగా వదినగారు తమ మనవరాలికి వాడగా మిగిలిన సెఫిక్సిమ్ అనే మరో యాంటీబయాటిక్ సీసా తెచ్చి, ఇది ఇంకా బాగా పనిచేస్తుందన్నారు. కలిపి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. సెఫిక్సిమ్ వంటివాటిని 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు అనే మందుల జాబితాలో చేర్చి, చీటీ లేకుండా అమ్మరాదనీ, అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలనీ నిబంధన పెట్టారు. ఆ సంగతి చెప్పి, నొచ్చుకోకుండా కాఫీ ఇచ్చి పంపాను. మా రెండో సీసాలో చివర మిగిలిన నాలుగు చుక్కలు కూడా దాచలేదు.

మందు పూర్తయ్యాక కూడా వాడు పిలిస్తే "ఆఁ?" అనడం, టీవీ శబ్దం పెంచమనడం గమనించి మళ్లీ చూపించాము. చీము పోయింది గాని కర్ణభేరి వెనుక నీరు కొంచెం మిగిలి ఉందనీ, ఇది బాక్టీరియా పని కాదు గనుక మరో యాంటీబయాటిక్ అక్కరలేదనీ, ఎక్కువమంది పిల్లల్లో మూడు నెలల్లోపు అదే ఇంకిపోతుందనీ, పోకపోతే వినికిడి పరీక్ష చేయించమనీ డాక్టరుగారు చెప్పారు. బెంగళూరు వెళ్లాక మా అమ్మాయి అక్కడి డాక్టరుకు చూపిస్తే రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయన్నారు. ఏటా వేయించవలసిన ఫ్లూ టీకా కూడా అప్పుడే వేయించింది.