సాయంత్రం ఆరున్నర కాన్‌కాల్

కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి ఖైరతాబాద్ వెళ్తుంటే మధ్యలో ఎర్రగడ్డ స్టేషన్ వస్తుంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఆ పేరు చెబితే చాలు, మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకి పంపించాలా" అనడం ఇక్కడ మామూలే. మా బ్రాంచ్ మేనేజర్‌కి అది ఊతపదం. టార్గెట్ కాకపోతే ఎర్రగడ్డ, ఫైల్‌లో సంతకం మర్చిపోతే ఎర్రగడ్డ. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని.

నేను ఒక ప్రైవేటు బ్యాంకులో డిప్యూటీ మేనేజర్‌ని. పేరుకి బ్యాంకు, అమ్మేది ఇన్సూరెన్స్. పొద్దున తొమ్మిదింబావుకి మీటింగ్, మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీట్ ఫొటో (సున్నా ఉన్నవాళ్ల పేర్లు ఎర్ర రంగులో), సాయంత్రం ఆరున్నరకి మా బ్రాంచ్‌లన్నిటికీ పై అధికారి అయిన క్లస్టర్ హెడ్ కాన్‌కాల్, అంటే అందరూ ఒకేసారి ఫోన్‌లో ఉండే మీటింగ్. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "ఎన్ని లాగిన్లు?" అంటారు, అంటే ఎన్ని పాలసీలు అమ్మారని. "జీరో సార్" అన్నాక జరిగేదంతా మిగతా బ్రాంచ్‌లవాళ్లు మ్యూట్‌లో పెట్టుకుని వింటూ ఉంటారు.

టెన్షన్ నాకు కొత్త కాదు. తెనాల్లో ఇంటర్ చదివేటప్పుడు పరీక్ష రోజు పొద్దున్నే వాంతి చేసుకుని మరీ వెళ్లేదాన్ని. కాబట్టి జబ్బంతా ఆఫీసే తెచ్చిపెట్టిందని నేను అనను. కానీ ఒక పెద్దాయన విషయం మాత్రం చెప్పాలి. రిటైర్డ్ టీచరు. రెండు లక్షలు ఎఫ్‌డీ చేసుకుందామని వస్తే మావాళ్లు ఏటా రెండు లక్షల చొప్పున ఐదేళ్లు కట్టే పాలసీ మీద సంతకం పెట్టించారు. వారం తర్వాత ఆయన పాస్‌బుక్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చి, "అమ్మా, వడ్డీ మూడు నెలలకోసారి పడుతుందా, నెలనెలా పడుతుందా?" అని అడిగారు. నా గొంతు ఎండిపోయింది. ఫ్రీ లుక్ గడువు ఇంకా ఉంది, ఉత్తరం రాసిస్తే పాలసీ రద్దు చేసుకోవచ్చని మెల్లగా చెప్పాను. ఆయన రాసిచ్చారు. డబ్బు వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి కాన్‌కాల్‌లో నా పేరే మొదట పిలిచేవారు.

రెండు నెలలకి అన్నం సహించడం మానేసింది. పొద్దున పెట్టుకెళ్లిన స్టీలు బాక్సు సాయంత్రం అలాగే తెచ్చి, మావారు చూడకుండా సింక్‌లో ఖాళీ చేసేదాన్ని. ఎంత అలిసిపోయి పడుకున్నా తెల్లవారుజామున మూడింటికి మెలకువ, ఇక నిద్ర రాదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, కడుపులో తిప్పడం మొదలు. ఒకరోజు మెట్రోలో ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుని, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరాడక, పోతున్నాననే అనుకుని అమీర్‌పేటలో దిగి ప్లాట్‌ఫాం మీద కూలబడ్డాను. పది నిమిషాల్లో తగ్గింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఏమీ లేదని డాక్టర్ చెబితే సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. ఆయనే సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారు. నేను మూడు నెలలు వాయిదా వేశాను, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, ఎర్రగడ్డ.

చివరికి వెళ్లడానికి కారణం ఒక రాత్రి. పొద్దున లేవకపోతే బాగుండు అనే ఆలోచన అప్పటికి కొన్నాళ్లుగా వస్తోంది, ఆ రాత్రి పోలేదు. ఫోన్‌లో వెతికితే 14416 కనిపించింది. మానసిక సమస్యలున్నవాళ్ల కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరది. రాత్రి రెండింటికి తెలుగులో ఒకమ్మాయి మాట్లాడింది. పెద్దగా ఏమీ చెప్పలేదు. "ఇంట్లో ఇంకెవరున్నారండీ, వాళ్లని ఇప్పుడు లేపగలరా?" అంది. మావార్ని లేపాను.

డాక్టర్ యాంగ్జైటీ, డిప్రెషన్ రెండూ కలిసి ఉన్నాయన్నారు. ఎస్సిటలోప్రామ్ మొదటి వారం 5 ఎంజీ, తర్వాత 10. నిద్రకి క్లోనజెపామ్ అర మాత్ర, అలవాటు పడుతుంది కాబట్టి అది రెండు వారాలే. "పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ముందు కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపించొచ్చు" అని ముందే చెప్పడం మంచిదైంది, మొదటి వారం వికారం, దడ మామూలుగా లేవు. రాజీనామా చేసేస్తానన్నాను. "చేద్దురుగాని, ముందు నిద్ర పట్టనివ్వండి" అన్నారు. హోమ్‌లోన్ ఈఎంఐ గుర్తొచ్చి నేనూ ఊరుకున్నాను.

సెలవు కోసం సర్టిఫికెట్ మీద జబ్బు పేరు రాయొద్దని బతిమాలితే ఎఫ్ 41.2 అని కోడ్ వేసిచ్చారు. బ్రాంచ్‌లో ఎవరో దాన్ని గూగుల్‌లో కొట్టారు. తిరిగొచ్చిన రోజు మేనేజర్, "మీకు డిప్రెషన్ ఏంటి మేడం, నవ్వుతూనే ఉంటారుగా" అన్నారు. ఆయనకి ఆ మాట ప్రశంసేమో, తెలీదు. ఆయన్ని కూడా పైవాళ్లు అదే కాల్‌లో తిట్టేవారు, అది నా చెవులతో విన్నాను, అయినా ఆయన మీద జాలి పడే ఓపిక నాకు లేదు.

నన్ను నిలబెట్టింది మాత్రలతో పాటు ఒక నోట్‌బుక్. కౌన్సెలర్ పేజీ మధ్యలో గీత గీయించి, ఎడమ పక్క అవతలివాళ్లు అన్నది అన్నట్టుగా, కుడి పక్క అది విన్నప్పుడు నాకు నా గురించి ఏమనిపించిందో రాయమన్నారు. ఎడమ పక్క మా అబ్బాయి: "అమ్మా, బెండకాయ కూర జిగురుగా ఉంది." కుడి పక్క: నేను దేనికీ పనికిరాను. ఎడమ పక్క క్యాషియర్: "మేడం, ఈ కేవైసీ ఫారం మళ్లీ నింపాలి." కుడి పక్క: నేను దేనికీ పనికిరాను. ఎడమ పక్క కాన్‌కాల్: "పనికిరాని సరుకంతా నా నెత్తినే పడేశారు." కుడి పక్క మళ్లీ అదే. ఆవిడ చదివి, "మొదటి రెండూ మీ జబ్బు. మూడోదానికి కుడి పక్క రాయడం దేనికి, ఎడమ పక్కే ఉందిగా" అన్నారు. ఎన్నాళ్ల తర్వాతో పగలబడి నవ్వాను.

అప్పటిదాకా అంతా నా మనసులోనే ఉందా, లేక అంతా వాళ్ల తప్పేనా అని ఈ రెంటి మధ్యే కొట్టుకున్నాను. నోట్‌బుక్ పెట్టాక లెక్క విడిపోయింది. కుడి పక్కది మందులకీ కౌన్సెలింగ్‌కీ వదిలేశాను. ఎడమ పక్కవి తేదీలతో సహా టైప్ చేసి, ట్రాన్స్‌ఫర్ కావాలని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ పెట్టాను. నాలుగోసారికి, ఐదు నెలల తర్వాత, బ్యాక్ ఆఫీసుకి వేశారు. ఇన్సెంటివ్ పోయింది, కాన్‌కాల్ కూడా పోయింది.

మధ్యలో ఒక వెధవ పని చేశాను. మూడో నెలలో బాగానే ఉంది కదా అని ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను. తల తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టుండేది, పది రోజుల్లో మూడింటి మెలకువ మళ్లీ వచ్చింది. డాక్టర్ తిట్టలేదు. పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, మానేటప్పుడు మెల్లగా తగ్గించాలి అని మొదట్లో చెప్పిందే మళ్లీ చెప్పారు. నేనే విన్లేదు.

అమ్మ మొదట్లో "ఆ మాత్రలు మొదలెడితే జీవితాంతం వాడాలంటనే" అని తాయెత్తు పంపింది. అదిప్పటికీ నా బ్యాగులోనే ఉంది. సాయంత్రం ఆరున్నరకి ఫోన్ మోగితే నాకు ఇంకా చేతులు చల్లబడతాయి, ఆ సంగతి అమ్మకి చెప్పాను. అప్పట్నుంచి ఏడు దాటాకే చేస్తోంది, "మాత్ర వేసుకున్నావా" అని అడిగాకే మిగతా కబుర్లు.