చల్లారాక రుచి చూడండి

పిల్లల లంచ్ బాక్స్ గురించి ఎవరు మాట్లాడినా ఏం పెట్టాలి అన్న దగ్గరే ఆగిపోతారు. రాగులు, కొర్రలు, రంగురంగుల కూరగాయలు, మొలకలు. అన్నీ మంచివే, కాదనను. కానీ పిల్లలు ఆ బాక్స్ తెరిచేది మనం మూత పెట్టిన ఐదారు గంటల తర్వాత. మా వాడు ఏడింటికల్లా వ్యాన్ ఎక్కుతాడు, పన్నెండున్నరకి లంచ్. అప్పటికి అన్నం గట్టిపడుతుంది, దోశ సాగుతుంది, చపాతీ అంచులు ఎండిపోతాయి. పైగా చేతులు కడుక్కోవడానికి, కబుర్లకి, పక్కవాడి బాక్స్‌లో ఏముందో చూడటానికి పోగా తినడానికి మిగిలేది పావుగంటే. ఆ పావుగంటలో చల్లగా, ఒక్క స్పూన్‌తో తినలేనిదైతే ఎంత బలమైన తిండైనా ఇంటికి తిరిగొచ్చేస్తుంది.

అందుకే కొత్తది ఏం పంపాలన్నా ముందు ఆదివారం పొద్దున చేసి, అదే స్టీల్ బాక్స్‌లో సర్ది, మధ్యాహ్నం దాకా వంటింటి గట్టు మీద వదిలేసి, వేడి చేయకుండా నేను తిని చూస్తాను. ఉప్మా ఈ పరీక్షలో నిలబడలేదు, పెసరట్టూ అంతే. పులిహోర మాత్రం ఎప్పుడూ పాసే, పులుపూ ఉప్పూ అన్నానికి పట్టాక పొద్దుటికంటే మధ్యాహ్నమే బాగుంటుంది. అటుకుల పులిహోర కూడా. చిన్న ఇడ్లీలైతే వేడి మీద ఉండగానే నెయ్యి, కారప్పొడి కలిపి దొర్లించాలి, చల్లారాక కలిపితే పొడి పొడిగానే ఉండి గొంతుకి అడ్డం పడుతుంది.

పప్పన్నం పంపేవాళ్లకి ఒక మాట. ఇంట్లో కంచంలో కలిపినట్టు కలిపి పెడితే మధ్యాహ్నానికి ముద్ద కట్టి స్పూన్ కూడా దిగదు. పప్పు ఇంకాస్త జారుగా చేసి, అన్నం మెత్తగా వండి, ఇదేంటి ఇంత పల్చగా ఉంది అనిపించేలా కలిపి నెయ్యి వేయండి. లంచ్ టైమ్‌కి సరిగ్గా వస్తుంది. టమాటా పప్పు, పాలకూర పప్పు ఇలా బాగా వెళ్తాయి. పాలకూర పప్పులో కాస్త నిమ్మరసం పిండితే రుచీ పెరుగుతుంది, ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టడానికి నిమ్మరసంలోని విటమిన్ సి సాయపడుతుంది కూడా.

పెరుగన్నానికి కిటుకు మా అత్తయ్యది. అన్నం వేడిగా ఉండగానే గరిటెతో మెత్తగా మెదిపి, కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క స్పూన్ పెరుగు వేసి కలుపుతారు. పొద్దున చూస్తే పాలన్నంలా తియ్యగా, జారుగా ఉంటుంది, బాక్స్‌లోనే తోడుకుని మధ్యాహ్నానికి పుల్లబడకుండా కమ్మటి పెరుగన్నం అవుతుంది. పొద్దునే పెరుగు మొత్తం పోసి కలిపితే ఎండాకాలంలో పులిసిపోయి వాసనేస్తుంది. పైన ఆవాలు, కరివేపాకు, అల్లం తురుము పోపు. దానిమ్మ గింజలు వేస్తే పిల్లలు ముందు వాటినే ఏరుకుని తింటారు, ఏం ఫర్వాలేదు.

ఎంత పెట్టాలన్నది ఇంకో గొడవ. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఒక లెక్క ఉంది: ఐదో తరగతి దాకా ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. నేను గ్రాముల్లో తూచను కానీ ఈ లెక్క చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, మన బాక్సుల్లో అన్నం కొండలా ఉంటుంది, కూర పక్కన నంచుకోవడానికి పెట్టినట్టు ఉంటుంది. అన్నం కాస్త తగ్గించి పప్పో శనగలో పనీరో పెంచితే బాక్స్ చిన్నదవుతుంది, పావుగంటలో పూర్తవుతుంది. గుడ్డు మాత్రం నేను పొద్దున ఇంట్లో తినే టిఫిన్‌లోనే పెట్టేస్తాను. మూత తీయగానే వచ్చే ఆ వాసనకి పక్కపిల్లలు ముక్కు మూసుకుంటే, మనవాడు జన్మలో మళ్లీ గుడ్డు ముట్టడు.

కూరగాయల్ని గ్రేవీల్లో, పరాఠాల్లో దాచిపెట్టి తినిపించడం నాకు పెద్దగా నచ్చదు. అప్పుడప్పుడూ సరే. రోజూ దాస్తే బీరకాయ ఎలా ఉంటుందో తెలియకుండానే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. మా వాడు ఇంట్లో దొండకాయ అంటే మొహం తిప్పుకుంటాడు, అదే స్నేహితుడి బాక్స్‌లో దొండకాయ వేపుడు పల్లీలు వేసి వస్తే అడుగు కనపడేదాకా తింటాడట, వాళ్లమ్మే ఫోన్ చేసి చెప్పారు. ఇక నేనేం చేశాను, ఆవిడని అడిగి అలాగే సన్నగా చక్రాల్లా తరిగి వేయించి చివర్లో పల్లీ పొడి చల్లడం మొదలుపెట్టాను, వాడి స్నేహితుడికి కూడా సరిపడా పెడుతున్నాను. బెండకాయకీ ఇదే పద్ధతి.

చాలామంది పట్టించుకోని విషయం మూత. పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే బిగించేస్తే చల్లారేసరికి లోపల ఆవిరి నీరైపోయి మూత లోపలికి లాగేసుకుంటుంది, ఒకటో తరగతి పిల్ల చేతికి అది రాదు. టీచర్‌ని అడగడానికి మొహమాటం, ఇక తినకుండానే తెచ్చేస్తారు. అందుకే కాసేపు ఆరనిచ్చి మూత పెట్టండి. కొత్త బాక్స్ కొంటే షాపులోనే పిల్లల చేత తెరిపించండి.

స్నాక్స్ డబ్బా సంగతి సులువే. పల్లీ చిక్కీ, నువ్వుండ, గుగ్గిళ్లు, ఉప్పు చల్లిన జామకాయ ముక్కలు. రాగిపిండి, బెల్లం, నెయ్యితో చేసిన లడ్డూ కూడా బాగా పోతుంది, 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ నేను పెట్టను. అవి వేరేవాళ్ల డబ్బాల్లోంచి ఎలాగూ తింటాడు, మా చిక్కీ ఇచ్చి మరీ.