క్యామ్‌కార్డర్ లైవ్ ఆగిపోతోందా? రౌటర్ జోలికి పోకముందు టీవీకి పెట్టి చూడండి

లైవ్ ఆగీ ఆగకముందే అందరి చెయ్యీ రౌటర్ మీదికే పోతుంది. నిజానికి క్యామ్‌కార్డర్ లైవ్‌లో ఇంటర్నెట్ ఆఖరి మజిలీ. అక్కడికి చేరేలోపు బొమ్మ కెమెరా, హెచ్‌డీఎంఐ కేబుల్, ఆ బొమ్మను కంప్యూటర్‌కి అందించే క్యాప్చర్ కార్డ్, యూఎస్‌బీ పోర్ట్, లైవ్‌ను బయటికి పంపే ఓబీఎస్ ప్రోగ్రామ్ అన్నీ దాటి రావాలి. ఎక్కడిదాకా బాగుందో, ఎక్కడ చెడుతోందో తేల్చుకోకుండా సెట్టింగులు కెలికితే బాగున్నవి కూడా పాడవుతాయి.

అందుకే కంప్యూటర్‌ను పక్కన పెట్టి, కెమెరాను అదే కేబుల్‌తో నేరుగా టీవీకి పెట్టండి. టీవీలోనూ బొమ్మ రాకపోతే తప్పు కెమెరాదో కేబుల్‌దో అయ్యుంటుంది, ఓబీఎస్‌ను తిట్టి లాభం లేదు. చాలా క్యామ్‌కార్డర్లలో మినీ, మైక్రో అనే చిన్న రకాల హెచ్‌డీఎంఐ సాకెట్లు వస్తాయి. మైక్రో మరీ సున్నితం. కేబుల్ బరువు దాని మీద వేలాడితే కొన్నాళ్లకు వదులై, కెమెరా కదిలినప్పుడల్లా తెర నల్లబడుతుంది. కేబుల్‌ను ట్రైపాడ్ కాలికి ఒక చుట్టు చుట్టి కట్టేస్తే ఆ బరువు సాకెట్ మీద పడదు.

యూఎస్‌బీ వైరుతో పనైపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. చాలా క్యామ్‌కార్డర్లలో ఆ పోర్ట్ ఫైళ్లు కాపీ చేసుకోవడానికే. తగిలించగానే కెమెరా కంప్యూటర్‌కి ఒక మెమరీ కార్డ్‌లా కనిపిస్తుంది తప్ప లైవ్ బొమ్మ రాదు. మీ మోడల్ వివరాల్లో వెబ్‌క్యామ్ లేదా యూఎస్‌బీ స్ట్రీమింగ్ అని స్పష్టంగా ఉంటే తప్ప క్యాప్చర్ కార్డ్ కావాల్సిందే.

టీవీలో బొమ్మ వచ్చిందా? దాని మీద బ్యాటరీ గుర్తు, రికార్డింగ్ టైమ్, ఫోకస్ చతురస్రం ఉన్నాయేమో చూడండి. ఉంటే చూసేవాళ్లకూ అవన్నీ కనిపిస్తాయి. మెనూలో హెచ్‌డీఎంఐ డిస్‌ప్లే, డిస్‌ప్లే అవుట్‌పుట్ లాంటి పేరుతో ఉన్నదాన్ని కెమెరా తెరకే పరిమితం చేయాలి. అలాంటి సెట్టింగే లేని కెమెరా అయితే, ఓబీఎస్‌లో ఆల్ట్ నొక్కిపట్టి బొమ్మ అంచును లోపలికి లాగి కత్తిరించడమొకటే దారి.

ఇక అసలు చిక్కు: టీవీలో బాగుంది, ఓబీఎస్‌లో నల్ల తెర. ఒక క్యాప్చర్ కార్డ్‌ను సాధారణంగా ఒక్క ప్రోగ్రామే వాడుకోగలదు. వెనక ఏదో వీడియో కాల్ యాప్ దాన్ని పట్టుకుని కూర్చుందేమో చూసి మూసేయండి. కంప్యూటర్ ప్రైవసీ సెట్టింగుల్లో కెమెరా అనుమతి ఉందో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే కెమెరా హెచ్‌డీఎంఐ రిజల్యూషన్‌ను ఆటో నుంచి తీసేసి 1080పీ గానో 720పీ గానో మీరే ఎంచండి. ఆటోలో ఉన్నప్పుడు కెమెరా, కార్డ్ పొత్తు కుదరక, కార్డ్‌కు పనికిరాని సిగ్నల్ వెళుతుంటుంది.

బొమ్మ వస్తోంది గానీ చెయ్యి ఊపితే దువ్వెన పళ్లలా గీతలు పడుతున్నాయంటే కెమెరా 1080ఐ పంపుతోందన్నమాట, అంటే ఒక్కో ఫ్రేమ్‌ను సరి గీతలు, బేసి గీతలు అని రెండు ఫీల్డులుగా విడగొట్టి పంపుతోంది. 1080పీ ఉంటే దానికి మార్చండి. లేకపోతే ఓబీఎస్‌లో సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి, ఆ గీతలను కలిపే డీఇంటర్లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్, టాప్ ఫీల్డ్ ఫస్ట్ పెట్టండి. కదలిక ముందుకీ వెనక్కీ వణికితే ఫీల్డ్ వరుస తిరగబడిందని గుర్తు. ఫ్రేమ్ రేట్ కూడా కెమెరాదీ ఓబీఎస్‌దీ ఒకటే ఉండాలి. 25 లేదా 50 పంపే కెమెరాకు ఓబీఎస్‌లో 30 పెడితే, కెమెరాను పక్కకు తిప్పినప్పుడల్లా బొమ్మ చిన్నచిన్నగా తడబడుతుంది. లైట్లు మిణుకుమంటే షట్టర్ చూడండి: కరెంటు 50 హెర్ట్జ్ అయితే 1/50, 60 అయితే 1/60.

బొమ్మ ముక్కలుముక్కలుగా, సెకనుకు 5 ఫ్రేములే ఉన్నట్టు కదులుతుంటే చిన్న లెక్క వేయండి. కుదించని వైయూవై2 రకంలో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు. 1920 × 1080 × 2 × 30 అంటే సెకనుకు దాదాపు 124 మెగాబైట్లు, అంటే దగ్గరదగ్గర 1 గిగాబిట్. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీదే 480 మెగాబిట్లు. ఇంత నీరు ఆ గొట్టంలో పట్టదు. యూఎస్‌బీ 2.0 కార్డ్ అయితే ఓబీఎస్ సోర్స్ ప్రాపర్టీస్‌లో రిజల్యూషన్ రకాన్ని కస్టమ్ చేసి, వీడియో ఫార్మాట్‌ను బొమ్మను కుదించి పంపే ఎంజేపెగ్ చేయండి. 3.0 కార్డ్ కొన్నా 2.0 హబ్‌కో పాత ఎక్స్‌టెన్షన్ వైరుకో తగిలిస్తే అదీ 2.0 లాగే నడుస్తుంది. నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.

మాటకీ పెదవికీ పొంతన లేకపోతే ముందు మైక్ ఎటు వెళుతోందో చూడండి. మైక్ కంప్యూటర్‌కి, బొమ్మ కార్డ్ ద్వారా వెళితే శబ్దం ముందొస్తుంది. మైక్‌ను కెమెరా మైక్ సాకెట్‌కే పెట్టడం అన్నిటికన్నా మేలు: రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి. కుదరకపోతే కెమెరా ముందు చప్పట్లు కొట్టి రికార్డ్ చేసి, ఎన్ని ఫ్రేముల తేడా ఉందో లెక్కపెట్టండి. 30 ఫ్రేముల్లో ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. అంత మొత్తాన్ని అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్ సింక్ ఆఫ్‌సెట్‌గా వేయండి. మిక్సర్ లైన్ అవుట్‌ను మాత్రం సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ లేకుండా మైక్ సాకెట్‌కి పెట్టకండి, గొంతు బరబరమని పగిలిపోతుంది. మాట రెండుసార్లు వినిపిస్తే కెమెరా మైక్, కంప్యూటర్ మైక్ రెండూ తెరిచి ఉన్నాయన్నమాట.

ఇన్నీ సరిగా ఉన్నాకే ఇంటర్నెట్ సంగతి. ఓబీఎస్ స్టాట్స్ కిటికీలో మూడు అంకెలుంటాయి. రెండరింగ్ ల్యాగ్ పెరిగితే గ్రాఫిక్స్ మీద భారం ఎక్కువైంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరిగితే వీడియోను కుదించే ఎన్‌కోడర్ అందుకోలేకపోతోంది: హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు మారండి, లేదా 720పీ చాలనుకోండి. నెట్‌వర్క్ డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరిగితేనే లైన్ తప్పు. 1080పీ 30కి బిట్‌రేట్ 4500 నుంచి 6000 కేబీపీఎస్, రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ మారకుండా ఉండేది), కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ పంపే ఫ్రేమ్) 2 సెకన్లు పెట్టి, బిట్‌రేట్ మీ అప్‌లోడ్ వేగంలో మూడింట రెండొంతులు దాటకుండా చూడండి. డౌన్‌లోడ్ ఎంతున్నా ఇక్కడ పనికిరాదు. వైఫై బదులు ల్యాన్ వైరు. ఇక యూట్యూబ్ ఛానల్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే అనుమతికి 24 గంటల దాకా పట్టొచ్చు. దాన్ని కార్యక్రమం రోజు పొద్దున మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు!

కాసేపు బాగా నడిచి ఠంచనుగా ఒకే సమయానికి ఆగిపోతుంటే అది కెమెరా పనే. ఆటో పవర్ ఆఫ్, ఎకో మోడ్, డెమో మోడ్ మూడూ ఆపేయండి. బ్యాటరీ మీద కాక అడాప్టర్ మీద నడపండి. లోపల రికార్డ్ చేస్తుంటే కొన్ని కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. రికార్డింగ్ అక్కర్లేకపోతే స్టాండ్‌బైలోనే ఉంచండి, వేడీ తగ్గుతుంది. టేపుతో నడిచే పాత మినీ డీవీ కెమెరాను ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్‌తో వాడుతుంటే ముందు టేపు బయటికి తీసేయండి. టేపు లోపల ఉండి స్టాండ్‌బైలో వదిలేస్తే, టేపూ హెడ్డూ అరిగిపోకుండా అది సుమారు 5 నిమిషాలకే తనంతట తాను ఆగిపోతుంది.