వడ్డీ మొత్తం తినేయకండి

రిటైరయ్యాక పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 15 లక్షలు వేస్తే, 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. వేసిన నాటి రేటే ఐదేళ్లూ. చిక్కూ అక్కడే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ్టి వంద రూపాయల పప్పు ఐదేళ్లకు 134. వడ్డీ మాత్రం అంతే! ప్రతిసారీ కనీసం పదివేలు ఆర్.డి.లోకి (విడతలుగా దాచుకునే రికరింగ్ డిపాజిట్) మళ్లించాలి. తీసుకోకుండా వదిలేసిన వడ్డీకి మళ్లీ వడ్డీ రాదు, చాలామంది వస్తుందనుకుంటారు.

ఇంకోటి, మొత్తం ఒకే ఖాతాలో వేయొద్దు. మధ్యలో కొంచెం తీసే వీల్లేదు, ఖాతానే మూసేయాలి. రెండో ఏట మోకాలి ఆపరేషన్ వచ్చిపడితే 15 లక్షల మీద ఒకటిన్నర శాతం, 22,500 కోత. ఐదేసి లక్షల ఖాతాలు మూడుంటే, ఒక్కటి మూస్తే చాలు. పోయేది 7,500.